చింతపండు పక్కన పెట్టండి, నాణెం వెనక్కి తిప్పండి

ప్రశ్న: నమస్తే అండీ. మాది రాజమండ్రి. అబ్బాయి వాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. మొన్న ఆర్నెల్లు అక్కడ ఉండి వచ్చాం. నయాగరా చూడ్డానికి వెళ్లినప్పుడు మనవడు ఒక మిషన్‌లో పెన్నీ వేసి హ్యాండిల్ తిప్పాడు. అది కోలగా సాగి, మీద జలపాతం బొమ్మతో బయటికొచ్చింది. వాడి సరదా చూసి నాకూ సరదా పుట్టింది. తిరుగు ప్రయాణంలో బఫెలో ఊళ్లో ఒక పాత సామాన్ల షాపుకి వెళ్తే, అచ్చం అలాంటిదే, కానీ బాగా పాతది, నల్లబడిన రాగి రంగులో కనిపించింది. మీద పాన్ అమెరికన్ ఎక్స్‌పొజిషన్ 1901 అని ఉంది. 25 డాలర్లు పెట్టి కొన్నాను. "రైలు కింద పెట్టిన పైసాకి రెండు వేలా" అని మావారు ఇప్పటికీ వెక్కిరిస్తూనే ఉన్నారు. ఇక్కడికొచ్చాక నగల షాపులో తూకం వేయిస్తే 3 గ్రాముల 50 మిల్లీలు వచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒకతను 1893 చికాగో ఎగ్జిబిషన్‌ది, వెండిది, వివేకానందులవారు వెళ్లిన ఎగ్జిబిషన్‌దే అంటూ ఇంకొకటి 300 డాలర్లకి ఇస్తానంటున్నాడు. రెండింటి ఫోటోలూ పంపుతున్నాను. నాది అసలుదేనా? చికాగోది కొనమంటారా? నల్లగా ఉన్నదాన్ని చింతపండుతో తోమవచ్చా? మన పాత పైసలతో కంసాలి చేత ఇలాంటివి చేయించుకోవచ్చా అని మనవరాలు అడుగుతోంది, అది కూడా చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ కొంత తగ్గిస్తాను. మీ 1901 నాణెం నాకు మంచిదిగానే కనిపిస్తోంది. ఒక్క అంకె దగ్గర మాత్రం ఆగాను, అదేంటో చివర్లో చెబుతాను. అసలుదైతే 25 డాలర్లు ఎక్కువేం కాదు. చికాగో బేరం వదిలేయండి. చింతపండు పులుసులోకే ఉంచండి. కంసాలి దగ్గరికి మాత్రం వెళ్లకండి, అది చట్టంతో వచ్చే తంటా.

మీవారి వెక్కిరింపుతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో సగం నిజముంది. మా చిన్నప్పుడు మేమూ పట్టాల మీద ఐదు పైసల బిళ్ల పెట్టి, గూడ్సు వెళ్లిపోయాక కంకరలో వెతుక్కున్నవాళ్లమే. ఇంట్లో తెలిస్తే వీపు విమానం మోతే. దొరికింది ఏమిటంటే, అంచులు చిట్లిన ఒక రేకు ముక్క. దాని మీద బొమ్మా ఉండదు, అక్షరమూ ఉండదు. మీ చేతిలో ఉన్నది అలా తయారైంది కాదు. చెరుకు రసం బండి గుర్తు తెచ్చుకోండి. రెండు రోలర్లు, పక్కన తిప్పడానికి చక్రం. ఇటునుంచి గడ పెడితే అటునుంచి పిప్పి వస్తుంది. ఇక్కడా అదే పని, కాకపోతే రోలర్లు గట్టి ఉక్కువి, వాటి మధ్య సందు నాణెం మందం కంటే తక్కువ. ఒక రోలరు నున్నగా ఉంటుంది. రెండోదాని మీద అక్షరాలూ బొమ్మా అద్దంలో కనిపించినట్టు తిరగేసి, గుంటలుగా చెక్కి ఉంటాయి. ఆ ఒత్తిడికి లోహం గుంటల్లోకి దూరి అక్షరాలు ఉబ్బెత్తుగా లేస్తాయి. నాణెం రోలర్లు లాగిన దిక్కుకే సాగుతుంది, వెడల్పు పెద్దగా మారదు. అందుకే గుండ్రటి పెన్నీ చింతాకులా కోలగా, ఒకటిన్నర అంగుళాల పొడవుకి అటూ ఇటూ తయారవుతుంది. ఆ చెక్కిన రోలర్‌ని సేకరణదారులు డై అంటారు, నాణేలని ఎలాంగేటెడ్ కాయిన్స్ అంటారు. పిల్లలైతే స్క్వాష్డ్ పెన్నీ, ప్రెస్డ్ పెన్నీ అంటారు. మీ మనవడు కూడా ఆ రెండిట్లో ఏదో ఒకటి అనే ఉంటాడు.

అమెరికాలో ఈ సరదా మొదలైంది 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో. కొలంబస్ అమెరికా చేరి 400 ఏళ్లు అయిన సందర్భంగా పెట్టిన వరల్డ్స్ కొలంబియన్ ఎక్స్‌పొజిషన్ అది. మొట్టమొదటి ఫెర్రిస్ చక్రం తిరిగిందీ అక్కడే. 264 అడుగుల ఎత్తు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. మన తీర్థాల్లో తిరిగే జెయింట్ వీల్‌కి అదే పూర్వీకుడు. టికెట్టు 50 సెంట్లు. ఎగ్జిబిషన్ గేటు దగ్గర ఇంకో 50. అంత ఖర్చు పెట్టి వచ్చినవాడికి ఇంటికి తీసుకెళ్లడానికి చవకలో ఏదో ఒకటి కావాలి కదా. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో బియ్యపు గింజ మీద పేరు రాయించుకున్నట్టే ఇదీ. జేబులో ఉన్న సెంటు బిళ్ల, అదే పెన్నీ, రోలర్లలోకి వెళ్తుంది, ఎగ్జిబిషన్ పేరుతో బయటికొస్తుంది. తర్వాత 1901 బఫెలో, 1904 సెయింట్ లూయిస్, 1915 శాన్‌ఫ్రాన్సిస్కో, 1933 చికాగో, 1939 న్యూయార్క్ అంటూ ఎక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగితే అక్కడికి ఈ రోలర్లూ వెళ్లాయి.

మీకు నయాగరా చూపించిన రోజే బఫెలోలో ఈ నాణెం దొరకడం నాకు భలే నచ్చింది. 1901 ప్రదర్శనకి ఆ జలపాతంతో చుట్టరికం ఉంది. రాత్రిళ్లు భవనాలన్నీ కరెంటు దీపాలతో వెలిగించడం ఆ ప్రదర్శనకే పెద్ద ఆకర్షణ, ఆ కరెంటు నయాగరా నుంచి వచ్చిందే. దాని పేరు చరిత్రలో నిలిచిపోయింది మాత్రం ఇంకో కారణంతో. ఆ ఏడాది సెప్టెంబర్ 6న అక్కడి టెంపుల్ ఆఫ్ మ్యూజిక్‌లో జనంతో చేతులు కలుపుతుండగా అధ్యక్షుడు మెకిన్లీని కాల్చారు. 14న ఆయన చనిపోయాడు. అందుకే బఫెలో వస్తువు ఏది అమ్మినా మెకిన్లీ పేరు జోడించి రేటు పెంచేవాళ్లు ఉంటారు. మీ షాపువాడు అలా చేయలేదు, అదొక మంచి లక్షణమే.

ఇక అసలు విషయం. కొత్తవాళ్లంతా ఈ నాణేలని ముందువైపే చూస్తారు. ముందువైపు అక్షరాలు ఎవరైనా ఎప్పుడైనా చెక్కుకోవచ్చు. 1893 అని చెక్కడానికి 1893లో పుట్టి ఉండక్కర్లేదు. సాక్ష్యం ఉండేది వెనకాల. నున్నటి రోలర్ తగిలిన ఆ వైపున, సాగదీయకముందు ఆ నాణెం మీద ఉన్న బొమ్మ పూర్తిగా చెరిగిపోదు. పాత గోడ మీద సున్నం వేసినా కింద రాసిన ఎన్నికల నినాదం లీలగా కనబడుతూ ఉంటుంది చూడండి, అలా. నేను దీన్ని తల్లి నాణెం అంటాను. తల్లి వయసెంతో తెలిస్తే పిల్ల వయసు గురించి చెప్పే అబద్ధాలు సగం అక్కడే తేలిపోతాయి.

అమెరికా సెంటు బిళ్ల విషయంలో ఇది చాలా తేలిక. తల మీద ఈకల కిరీటం ఉన్న బొమ్మ కనబడితే అది ఇండియన్ హెడ్ సెంటు. ఇండియన్ అంటే మనం కాదు, అమెరికా ఆదివాసులు. నిజానికి అది స్వేచ్ఛాదేవత బొమ్మే, ఆమెకి ఆదివాసుల కిరీటం పెట్టారు. వెనకవైపు వన్ సెంట్ అనే మాట చుట్టూ ఆకుల దండ ఉంటుంది. ఇవి 1909 దాకా వచ్చాయి. అదే ఏడు లింకన్ తల వచ్చింది. 1958 దాకా లింకన్ వెనక రెండు గోధుమ కంకులు ఉండేవి, సాగాక అవి మన వరి కంకుల్లా సన్నగా వంగినట్టు కనబడతాయి. 1959 నుంచి 2008 దాకా వెనకాల స్తంభాల భవనం, అది వాషింగ్టన్‌లోని లింకన్ స్మారకం. ఈ మూడు గుర్తులూ బుర్రలో పెట్టుకుంటే చాలు. నాణెం లోపలికి ఎటు తిప్పి పెట్టారన్నదాన్ని బట్టి వెనకాల తల మిగలొచ్చు, లేదా దండో కంకులో భవనమో మిగలొచ్చు. తల మిగిలితే అదృష్టం, ఎందుకంటే సంవత్సరం ఉండేది ఆ వైపే.

మీ బఫెలో నాణెం వెనక ఈకలు స్పష్టంగా ఉన్నాయి. అంటే తల్లి నాణెం 1909కి ఇటుది కాదు. ఇది మొదటి పాయింటు. రెండోది మీరు వేయించిన తూకం. చాలామందికి ఈ ఆలోచనే రాదు, మీకెలా తట్టిందో గానీ మెచ్చుకోవాలి. రోలర్ లోహాన్ని సాగదీస్తుంది తప్ప తీసేయదు. కాబట్టి సాగాక కూడా బరువు అంతే ఉండాలి. 1864 తర్వాతి కంచు సెంటు కొత్తగా ఉన్నప్పుడు 3.11 గ్రాములు. మీది 3.05. చేతులు మారి అరిగిన నాణేనికి ఆ మాత్రం తగ్గడం సహజం. నకిలీ రేకు మీద అచ్చు వేసినవాడు బరువు ఇంత దగ్గరగా కుదుర్చుకునే శ్రమ సాధారణంగా పడడు.

మూడోది రంగు. తల్లి పాతదైనంత మాత్రాన సాగదీసింది అప్పుడే అని చెప్పలేం. ఇండియన్ హెడ్ సెంట్లు కోట్లలో కొట్టారు, అరిగినవి ఇప్పటికీ చవకగా దొరుకుతాయి. ఇవాళ ఒకటి కొని, 1901 అని చెక్కిన డైలో వేసి తిప్పితే ఎవరు ఆపుతారు? పాత డైలు కూడా కొన్ని పాడవకుండా చేతులు మారుతూ వస్తుంటాయి. అప్పుడు చూడాల్సింది మసిని. పాత నల్లటి బిళ్లని సాగదీస్తే, పైనున్న నల్లపొర కూడా సాగి చిట్లుతుంది, మధ్యలో ఎర్రటి తాజా రాగి చారలు చారలుగా బయటపడుతుంది. అప్పుడెప్పుడో సాగదీసి, తర్వాత వందేళ్లకి పైగా డ్రాయర్‌లో పడి ఉన్నదైతే అక్షరాల పైనా, అక్షరాల సందుల్లోనూ, అంచుల్లోనూ గోధుమ రంగు ఒకేలా పాకి ఉంటుంది. మీరు పంపిన ఫోటోని పెద్దది చేసి చూశాను. పి అక్షరం కడుపులోనూ, దాని చుట్టూ ఉన్న ఖాళీ చోటులోనూ రంగు ఒక్కటే. చారలు లేవు. అందుకే మంచిదిగా కనిపిస్తోంది అన్నాను.

ఇప్పుడు అర్థమైంది కదా చింతపండు ఎందుకు వద్దన్నానో. ఆ నలుపు మురికి కాదు, మీ సాక్షి. రాగి చెంబు తోమినట్టు తోమితే రెండు నిమిషాల్లో తళతళలాడుతుంది, అంతటితో అది 1901దో, నిన్న మధ్యాహ్నానిదో చెప్పే దారి మూసుకుపోతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మొదట్లో నా దగ్గరికొచ్చిన 1904 సెయింట్ లూయిస్ నాణేన్ని, ఎవరికో చూపించబోయే ముందు రోజు రాత్రి, కాస్త అందంగా ఉండాలని చింతపండూ ఉప్పూ పెట్టి రుద్దాను. గులాబి రంగు వచ్చింది, పెళ్లికూతురిలా ఉంది. మర్నాడు ఆ పెద్దాయన దాన్ని అంచు పట్టుకుని భూతద్దం కింద పెట్టాడు, ఒక్క క్షణం చూశాడు, నా చేతిలో పెట్టేసి "కాఫీ తాగుతావా" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ నాణెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, రంగు మళ్లీ మచ్చలు మచ్చలుగా తిరిగి వస్తోంది గానీ, ఎవరూ కొనరు. నేను అడగనూ అడగను.

పీతాంబరి పొడి, నిమ్మకాయ, విభూతి, టూత్‌పేస్టు, అన్నీ చింతపండు కిందికే వస్తాయి. దుమ్ముంటే ఊదండి, చాలు.

ఇక చికాగో బేరం. ఎదుటివాడు పంపిన వెనకవైపు ఫోటో చూశారా, లేక ముందువైపు 1893 చూసి ఆగిపోయారా? వెనకాల, కాస్త కుడివైపుకి, అడ్డంగా సాగిన భవనం ఒకటి లీలగా ఉంది. స్తంభాలు లెక్కపెట్టేంత స్పష్టంగా లేవు గానీ ఉన్నాయి. అంటే తల్లి నాణెం లింకన్ స్మారకం ఉన్న సెంటు, 1959కి ముందుది కానే కాదు. ఆ భవనం కట్టడం పూర్తయిందే 1922లో. 1893లో చికాగోలో తిరిగినవాళ్లకి ఆ భవనం కలలో కూడా వచ్చి ఉండదు. వెండి అన్న మాట కూడా అక్కడే తేలిపోయింది. 1982 మధ్య నుంచి అమెరికా సెంటు లోపల దాదాపు అంతా జింకే, పైన పల్చటి రాగి పూత. సాగదీసినప్పుడు ఆ పూత చిట్లి లోపలి బూడిద రంగు బయటికొస్తుంది. ఫోటోలో వెండిలా మెరుస్తున్నది అదే కావచ్చు, లేదా పైన పూత వేసి ఉండొచ్చు.

ఇందులో మీరు జాగ్రత్త పడాల్సిన ఒక మెలిక ఉంది. బరువు చెప్పమంటే అతను 2.5 గ్రాములు అని నిజాయితీగానే చెప్పవచ్చు. ఆ రోజుల్లో వెండి పది సెంట్ల బిళ్ల, అదే డైమ్, సరిగ్గా 2.5 గ్రాములే. జింకు సెంటు బరువూ సరిగ్గా 2.5 గ్రాములే. తూకం ఒక్కదాన్నే నమ్మితే ఇక్కడ బోల్తా పడతాం. తూకం వెనకాలే వెనకవైపు బొమ్మ కూడా చూడాలి. నిజంగా వెండి డైమ్ మీద చేసిన 1893 నాణేలు ఉన్నాయి, ఐదు సెంట్ల నికెల్ మీద చేసినవీ ఉన్నాయి. కానీ వాటి వెనక స్తంభాల భవనం ఉండదు.

అతను మోసగాడే అని నేను తీర్మానించను. పాత ప్రదర్శనల జ్ఞాపకంగా తర్వాతి కాలంలో సరదాకి చేసినవి బోలెడు ఉన్నాయి, వాటిని అలా అనే చెప్పి అమ్ముతారు కూడా. చేతులు మారేకొద్దీ ఆ చెప్పడం జారిపోయి ఉండొచ్చు. మీరు మర్యాదగా, ఇది 1959 తర్వాతి సెంటు మీద చేసింది కదండీ అని ఒక మెసేజ్ పెట్టండి. రేటు వెంటనే దిగితే అతనికి ముందే తెలుసన్నమాట.

వివేకానందుడి మాట వచ్చింది కాబట్టి అది కూడా. ఆయన ఉపన్యాసం ఇచ్చింది ఎగ్జిబిషన్ మైదానంలో కాదు. సర్వమత మహాసభ సెప్టెంబర్ 11న మొదలైంది ఊరి మధ్యలో, మిషిగన్ అవెన్యూ మీద ఉన్న భవనంలో. ఇప్పుడది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. ఎగ్జిబిషన్ జాక్సన్ పార్కులో, దక్షిణాన కొన్ని మైళ్ల అవతల. అయితే ఆయన ఎగ్జిబిషన్ కూడా తిరిగి చూశారు. అంతా చూడాలంటే కనీసం పది రోజులు పడుతుందని ఆ ఆగస్టులో ఇంటివైపు రాసిన ఉత్తరంలో చెప్పారు. ఆ ప్రయాణానికి ముందు, ఫిబ్రవరి 13న, మన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఉపన్యాసం ఇచ్చి వెళ్లినవారాయన. కాబట్టి ఆ ఏడాది చికాగో వస్తువు ఒకటి ఇంట్లో ఉండాలని మీకు అనిపించడంలో నాకు వింతేం కనపడదు. నాకూ అనిపించింది.

ఆ కోరికకి 300 డాలర్లు అక్కర్లేదు. ఆ ప్రదర్శన కోసమే అమెరికా టంకశాల కొట్టిన వెండి అర డాలర్లు ఉన్నాయి. ముందు కొలంబస్ తల, వెనకాల ఆయన ఓడ. 1892, 1893 అని రెండు సంవత్సరాలవీ దొరుకుతాయి. అమెరికా ప్రభుత్వం వేసిన మొదటి స్మారక నాణెం ఇదే. అర డాలర్ బిళ్లని ఎగ్జిబిషన్‌లో డాలర్‌కి అమ్మారు. అన్నీ అమ్ముడుపోక, మిగిలినవి మామూలు చిల్లరలో కలిసిపోయాయి. లక్షల్లో ఉన్నాయి కాబట్టి అరిగినవి వెండి ధర కంటే మరీ ఎక్కువేం ఉండవు. బరువు 12.5 గ్రాములు. సాగదీసింది కాదు గానీ, ఆ ఏడాది ఆ మైదానం కోసం పుట్టిందే. సాగదీసిన 1893 సెంటే కావాలంటే తొందరపడకండి, ఈకల బొమ్మ కనబడేది వచ్చేదాకా ఆగండి.

నన్నడిగితే మీరు మొదలుపెట్టాల్సింది 1933 చికాగో, 1939 న్యూయార్క్ నాణేలతో. పాతవాటి మీద ఎక్కువగా ఉండేది అక్షరాలే. పేరూ సంవత్సరం, అంతే. 1933కి వచ్చేసరికి బొమ్మలు బాగా పెరిగాయి, ఒక్కో భవనానికీ ఒక్కో డై చెక్కారు. హాల్ ఆఫ్ సైన్స్, ఫోర్ట్ డియర్‌బోర్న్, ఇలా ఒక్కో బొమ్మా ఏరుకోవచ్చు. 1939వాటి మీద సూది లాంటి ట్రైలాన్, పక్కన పెద్ద బంతి లాంటి పెరిస్ఫియర్ కనబడతాయి, వెయ్యి నాణేల్లో ఉన్నా గుర్తుపట్టేయొచ్చు. ఇవి చాలా తయారయ్యాయి కాబట్టి పది డాలర్ల లోపు కూడా దొరుకుతాయి. తప్పు చేసినా చేతులు కాలవు. వెనకాల గోధుమ కంకులు వెతకడం వీటి మీద అలవాటు చేసుకోండి. అమెరికాలో వీటి కోసమే 1966 నుంచి ది ఎలాంగేటెడ్ కలెక్టర్స్ అనే క్లబ్బు ఉంది. ఒకే మాటలున్న డైలు రెండు మూడు ఉన్నప్పుడు ఏది ఏదో తేల్చుకోవడానికి అలాంటి చోట పాతవాళ్ల కంటికి మించింది లేదు.

కొనేటప్పుడు ఇంకో మాట. పైన చిల్లు ఉన్నవి వస్తాయి. గడియారం గొలుసుకో మెడలోకో వేసుకోవడానికి అప్పట్లో చిల్లు పొడిచేవారు. అవి అసలువే అయినా విలువ తగ్గుతుంది. మీకు అమ్మే ఉద్దేశం లేకపోతే చిల్లున్నదే కొనండి, ఎవరో మెడలో తిరిగిన నాణెం కదా. నా దగ్గరున్నవాటిలో నేను ఎక్కువసార్లు బయటికి తీసేది అలాంటిదే.

దాచడం గురించి. గోదావరి గాలిలో తేమ ఎక్కువ, రాగికి అది పడదు. బజార్లో అమ్మే మెత్తటి, వాసనొచ్చే ప్లాస్టిక్ కవర్ల ఆల్బమ్‌లు పీవీసీవి. కొన్నేళ్లకి నాణెం మీద పచ్చటి జిగురు కడుతుంది. మైలార్ కవర్లు అడిగి తీసుకోండి, గట్టిగా గలగలమంటాయి, వాసన రావు. మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా పక్కన పెట్టండి, కొన్నాళ్లకోసారి మార్చండి. వేళ్లతో మధ్యలో పట్టుకోకండి, అంచులు పట్టుకోండి. సాగినచోట పల్చగా ఉంటుంది, వంగితే సరిచేయబోయి ఇంకా పాడు చేస్తాం. ఇంకొకటి, మీరు ఏమీ అనుకోనంటే. విదేశీ నాణెం కదా అని వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర పెట్టకండి. పసుపు, కుంకుమ, తడి చేతులు కలిస్తే రాగి మీద మచ్చ పడుతుంది, అది పోదు. అమ్మవారికి మన రూపాయి బిళ్ల చాలు.

మీ మనవరాలి ప్రశ్న. కంసాలి దగ్గర వెండిని రేకుగా సాగదీసే రోలర్ల మిషన్ ఉంటుంది, అందులో పైసా పెడితే సాగుతుంది, ఆ పిల్ల సరిగ్గానే ఆలోచించింది. కానీ మన దేశంలో 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నాణేన్ని కరిగించడం, పాడుచేయడం నేరం, ఏడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. అమెరికా చట్టం వేరు. మోసం చేసే ఉద్దేశంతో నాణేన్ని మారిస్తేనే అక్కడ తప్పు, సరదాకి సాగదీస్తే కాదు. మీ మనవడు అక్కడ పబ్లిగ్గా చేసిన పనిని మనవరాలు ఇక్కడ చేయకూడదన్నమాట. కంసాలి చేత ఉత్త రాగి రేకు మీద ఊరి పేరు కొట్టించమనండి. దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

మనవడికి మాత్రం ఒక పని అప్పజెప్పండి. 2025 నవంబర్‌లో అమెరికా ప్రభుత్వం చలామణీ కోసం పెన్నీలు కొట్టడం ఆపేసింది. ఇంట్లో సీసాల్లో ఉన్న పాత పెన్నీల్లోంచి 1981 అంతకుముందువి ఏరి పెట్టుకోమనండి. అవి 95 శాతం రాగి. మిషన్‌లో వేస్తే జింకు చారలు లేకుండా నిండు రంగులో వస్తాయి. బల్ల మీద పడేస్తే మోత కూడా తేడాగా ఉంటుంది, రాగిది ఖంగుమంటుంది, జింకుది టక్కుమని ఊరుకుంటుంది. పిల్లలు దీన్ని మనకంటే ముందు పట్టేస్తారు.

ఇప్పుడు ఆ అంకె. మీ బఫెలో నాణెం వెనకాల ఈకల తల కింద సంవత్సరం ఉంది. 1, 9, 0 చదవగలిగాను. నాలుగో అంకె దగ్గర లైటు పడి తెల్లగా వెలిసిపోయింది. అక్కడ 0 గానీ 1 గానీ ఉంటే మీరు గెలిచినట్టే. 2, లేదా ఆ పైది ఏదున్నా, ప్రదర్శన ముగిశాక పుట్టిన సెంటు అది, పైన నేను చెప్పిన తూకమూ రంగూ అన్నీ పక్కకి వెళ్లిపోతాయి. ఇంకో ఫోటో తీయండి. గదిలో లైట్లు ఆపేసి, నాణేన్ని నల్లటి గుడ్డ మీద వెనకవైపు పైకి పెట్టి, ఇంకో ఫోన్ టార్చిని బల్లకి ఆనించి పక్కనుంచి వెయ్యండి, పైనుంచి కాదు. నాణేన్ని మెల్లగా గుండ్రంగా తిప్పుతూ ఉంటే ఏదో ఒక కోణంలో ఆ అంకె నీడతో లేస్తుంది. టార్చి పట్టుకోవడానికి మీవారిని కూర్చోబెట్టండి.